తెగిన రాగి నీటి పైపు అతకడం: అమెరికాలో సొంత ఇల్లు ఉన్నవారు తరచుగా అడిగే ప్రశ్నలు

టీవీ బిగిద్దామని గోడలోకి దించిన స్క్రూ పైపుకు తగలడం, గడ్డకట్టే చలికి పైపు పగలడం, పాత పైపుకు సూదిబెజ్జం పడడం: అమెరికా ఇళ్లలో రాగి పైపు కోసి అతకాల్సి వచ్చేది ఎక్కువగా ఈ మూడింటి వల్లే. మన దగ్గర నీళ్లకు జీఐ, సీపీవీసీ పైపులు చూసి పెరిగినవారికి రాగి అలవాటు లేని సరుకు. పని నేర్చుకోలేనంత కష్టం కాదు. అతుకు నిలుస్తుందా, కారుతుందా అన్నది మాత్రం గ్యాస్ టార్చ్ (మంట చిమ్మే పరికరం) వెలిగించకముందే, పైపు ఎంత శుభ్రంగా, ఎంత పొడిగా ఉందన్నదాన్ని బట్టి చాలావరకు తేలిపోతుంది.

నీళ్లు చిమ్ముతున్నాయి. మొట్టమొదట ఏం చేయాలి?

ఇంటి మెయిన్ వాల్వ్ కట్టేయండి. చలి ప్రాంతాల్లో అది సాధారణంగా బేస్‌మెంట్‌లో, వీధి వైపు గోడలోంచి పైపు లోపలికి వచ్చేచోట ఉంటుంది. టెక్సస్, ఆరిజోనా లాంటి చోట్ల గరాజ్ గోడలోనో, ఇంటి బయటి గోడ మీదో, లేకపోతే వీధి పక్కన మీటర్ పెట్టెలోనో ఉంటుంది. చేతిపిడి పొడుగ్గా ఉంటే పావు చుట్టు తిప్పితే చాలు. గుండ్రటి చక్రం ఉంటే గడియారం దిశలో చివరిదాకా తిప్పాలి. పాత చక్రం వాల్వులు చాలాసార్లు పూర్తిగా మూసుకోవు, సన్నగా నీళ్లు వదులుతూనే ఉంటాయి. సోల్డరింగ్ (సోల్డర్ అనే లోహపు తీగను వేడికి కరిగించి అతకడం) చేసేటప్పుడు ఇదే పెద్ద తలనొప్పి.

స్క్రూ గానీ మేకు గానీ పైపులో దిగి ఉంటే వాల్వ్ కట్టేదాకా దాన్ని పీకకండి. అది ఉన్నంతసేపే నీళ్లు కొంతైనా ఆగుతాయి.

తర్వాత వాటర్ హీటర్. కరెంటుదైతే బ్రేకర్ ఆపండి, గ్యాస్‌దైతే నాబ్‌ను పైలట్‌కు తిప్పండి. ట్యాంకులో నీళ్లు దిగిపోయాక కరెంటు హీటర్ ఎలిమెంట్ ఆన్‌లో ఉంటే కాసేపట్లోనే కాలిపోతుంది. ఆ తర్వాత ఇంట్లో అన్నిటికన్నా కిందున్న కుళాయి, అన్నిటికన్నా పైనున్న కుళాయి రెండూ తెరవండి. పైనుంచి గాలి వెళ్తేనే కింద నీళ్లు పూర్తిగా దిగుతాయి.

మా ఇంట్లో ఉన్నది ఏ సైజు పైపో ఎలా తెలుస్తుంది?

బయటి వ్యాసం కొలవండి. అమెరికాలో నీటి రాగి పైపుకు పిలిచే సైజు కన్నా బయటి వ్యాసం ఎప్పుడూ 1/8 అంగుళం ఎక్కువ. బయట 5/8 అంగుళం ఉంటే అది అర అంగుళం పైపు, 7/8 ఉంటే ముప్పావు అంగుళం పైపు. సింకులకు, షవర్లకు వెళ్లేవి ఎక్కువగా అర అంగుళానివి. ఇల్లంతా తిరిగే ప్రధాన లైను ముప్పావుది.

ఏసీకి వాడే రాగి గొట్టం దీనికి పూర్తిగా వేరు. దాన్ని బయటి వ్యాసంతోనే పిలుస్తారు. అందుకే ఏసీ వాళ్ల అర అంగుళం గొట్టం నీటి ఫిట్టింగులో వదులుగా కూర్చుంటుంది. ఆ రెండింటినీ కలిపి వాడకండి.

పైపు మీద అచ్చు ఎర్రగా ఉంటే ఎం రకం, నీలంగా ఉంటే ఎల్, ఆకుపచ్చగా ఉంటే కె. అర అంగుళం పైపులో గోడ మందం ఎం రకానికి 0.028, ఎల్‌కు 0.040, కెకు 0.049 అంగుళాలు. బయటి వ్యాసం మూడింటికీ ఒకటే కాబట్టి ఫిట్టింగులు అన్నిటికీ సరిపోతాయి. అతుకు ముక్కకు ఎల్ రకం కొనండి. ధర కాస్త ఎక్కువే, కానీ అడుగు ముక్క దగ్గర ఆ తేడా లెక్కలోది కాదు.

లండన్‌లో ఉన్న తమ్ముడి దగ్గర ఫిట్టింగులు ఉన్నాయి, పనికొస్తాయా?

రావు. బ్రిటన్ పైపు బయటి వ్యాసం 15 మిల్లీమీటర్లు, అమెరికా అర అంగుళం పైపుది 15.88. కంటికి ఒకేలా ఉన్నా ఎక్కవు.

సోల్డరింగ్, పుష్-ఫిట్, కంప్రెషన్, ప్రెస్: వీటిలో ఏది మంచిది?

పైపు ఉన్న చోటును బట్టి చెప్పాలి.

చేతులు ఆడే చోటు ఉండి, నీళ్లు పూర్తిగా ఆగి, చుట్టుపక్కల అంటుకునేవి లేకపోతే సోల్డరింగే మా మొదటి ఎంపిక. సరిగా చేసిన అతుకులో రబ్బరు ఉండదు, కదిలే భాగం ఉండదు. పైపు ఉన్నన్నాళ్లూ ఉంటుంది. సామాను ఖర్చూ తక్కువే.

గోడలోపలి నిలువు చెక్కలకు (స్టడ్లకు) ఆనుకుని ఉన్న పైపు, నీళ్లు పూర్తిగా ఆగని లైను, అర్ధరాత్రి వచ్చిన లీకు: వీటికి షార్క్‌బైట్ లాంటి పుష్-ఫిట్ (పైపును లోపలికి తోస్తే పట్టుకునే ఫిట్టింగు) వాడండి. మంట అక్కర్లేదు, పైపు తడిగా ఉన్నా పర్వాలేదు. ఒక్కో ఫిట్టింగు ధర సోల్డర్ కప్లింగ్ (రెండు పైపు కొసలను కలిపే పొట్టి గొట్టం) కన్నా చాలా రెట్లు ఎక్కువ.

కంప్రెషన్ ఫిట్టింగు సింకు కిందో బేస్‌మెంట్‌లోనో, కంటికి కనబడి రెంచి అందేచోట వాడేది. గోడలో పెట్టి మూసేయకండి, ఏళ్లు గడిచాక నట్టు మళ్లీ బిగించాల్సి రావచ్చు.

ప్రెస్ ఫిట్టింగులు ప్లంబర్లకు ఇష్టమైనవి, సెకన్లలో పని అవుతుంది. ఆ నొక్కే యంత్రం ఖరీదు చూస్తే ఒక్క లీకు కోసం కొనేది కాదు. అయిదారు అతుకులు పడే పనైతే అద్దెకు తెచ్చుకోవచ్చు.

సోల్డరింగ్‌కు ఏమేం కొనాలి?

అర అంగుళం లైనులో ఒక ముక్క మార్చడానికి: ఎల్ రకం పైపు 2 అడుగులు, లోపల ఆపుడు గాటు లేని రిపేర్ కప్లింగులు 2, ఒకటి పాడైతే ఉంటుందని ఇంకొకటి. సీసం లేని సోల్డర్ చుట్ట, నీటిలో కరిగే రకం ఫ్లక్స్ (సోల్డర్ రాగికి పట్టేలా ముందు పూసే లేపనం), అది పూసే చిన్న బ్రష్. ఎమరీ క్లాత్, అర అంగుళం ఫిట్టింగ్ బ్రష్, చిన్న ట్యూబ్ కట్టర్, పైపు లోపలి అంచు గీకే పరికరం. ప్రొపేన్ టార్చ్, మంటకు అడ్డుపెట్టే గుడ్డ, నీళ్లు చల్లే స్ప్రే బాటిల్, మంటలార్పే సిలిండర్, కళ్లద్దాలు.

పసుపు సిలిండర్‌లో వచ్చే మ్యాప్-ప్రో గ్యాస్ ప్రొపేన్ కన్నా వేడిగా మండుతుంది. ముప్పావు అంగుళానికి, వాల్వులకు అది వీలుగా ఉంటుంది. అర అంగుళానికి చేయి తిరగనివాళ్లు ప్రొపేనే వాడాలి. ఎక్కువ వేడితో ఫ్లక్స్ మాడ్చేసుకోవడం క్షణాల పని.

ఎంత మేర కోయాలి?

సూదిబెజ్జమైతే దానికి రెండు వైపులా పైపు నిగనిగలాడే చోటుదాకా కోయండి. బెజ్జం చుట్టూ ఆకుపచ్చ పొక్కులు ఉన్నంతమేర లోపల గోడ తిని ఉంటుంది. చలికి పగిలిన పైపు సంగతి వేరు. పగులు రెండంగుళాలే కనబడినా దానికి అటూ ఇటూ పైపు ఉబ్బి ఉంటుంది. కప్లింగ్ తొడిగి చూడండి. ఎక్కకపోతే ఇంకో అంగుళం కోయండి, సుత్తితో కొట్టి ఎక్కించకండి. 2021 ఫిబ్రవరి చలికి టెక్సస్‌లో చాలా ఇళ్ల పైపులు పగిలాయి. అలాంటి చోట ఒకే లైనులో రెండు మూడు చోట్ల ఉబ్బి ఉండొచ్చు, అందుకే ఒక్క పగులు అతికి గోడ మూసేయకుండా ఆ లైను పొడుగునా తడిమి చూడాలి.

అర అంగుళం సోల్డర్ కప్లింగ్‌లో పైపు ప్రతి వైపూ అర అంగుళం లోపలికి వెళ్లాలి, ముప్పావు దాంట్లో ముప్పావు అంగుళం. కొత్త ముక్కను ఖాళీ కన్నా 1/8 అంగుళం తక్కువగా కోయండి. రిపేర్ కప్లింగులు రెండూ ముందు కొత్త ముక్క మీదకు పూర్తిగా జరిపి, ముక్కను ఖాళీలో పెట్టి, సగం మేర పాత పైపు మీదకు తోయాలి. సగం ఎక్కడికో తెలియాలంటే పాత పైపు చివరి నుంచి అర అంగుళం దగ్గర ముందే పెన్సిల్ గీత పెట్టుకోండి. ఆ గీత లేకపోతే కప్లింగ్ ఒక వైపే ఎక్కువ ఎక్కి, రెండో వైపు కొసకు వేలాడుతుంది.

కోసేటప్పుడు జాగ్రత్తలు?

ఒకటి కరెంటుది. పాత ఇళ్లలో ఇంటి ఎర్తింగ్ నీటి పైపుకే కలిపి ఉండటం మామూలు. పైపు రెండు ముక్కలైనప్పుడు రెండు చేతులతో రెండు కొసలూ పట్టుకుంటే, ఎక్కడో లోపం ఉన్న కరెంటు మీ ఒంట్లోంచి వెళ్లొచ్చు. కోసే చోటును దాటించి రెండు వైపులకూ జంపర్ కేబుల్ తగిలించి, పని అయ్యాక తీయండి. మధ్యలో ప్లాస్టిక్ పైపు వేసినా ఈ ఎర్తింగ్ తెగుతుంది. అప్పుడు ఎలక్ట్రీషియన్‌తో శాశ్వతంగా తీగ కలిపించాలి.

కట్టర్‌ను పైపు చుట్టూ ఒక చుట్టు తిప్పి, నాబ్‌ను పావు చుట్టు బిగించి, మళ్లీ తిప్పండి. తొందరపడి ఒకేసారి బిగిస్తే పైపు కోడిగుడ్డు ఆకారంలోకి నొక్కుకుపోతుంది. కోశాక లోపలి అంచున లేచిన పదును గీకి తీసేయండి. దాన్ని చాలామంది వదిలేస్తారు. ఆ అంచు దగ్గర నీళ్లు సుడి తిరిగి, కొన్నేళ్లకు అతుకు దాటగానే పైపు గోడను తినేస్తాయి.

ఎంత శుభ్రం చేస్తే చాలు?

కొత్త నాణెంలా మెరవాలి. పైపు బయట ఎమరీ క్లాత్‌తో, ఫిట్టింగు లోపల బ్రష్‌తో. షాపులోంచి తెచ్చిన కొత్త ఫిట్టింగు మెరుస్తున్నా సరే లోపల రుద్దాల్సిందే. అలాగని పైపు అరిగేదాకా రుద్దకండి. పైపుకూ ఫిట్టింగుకూ మధ్య అంగుళంలో వెయ్యో వంతుల సందు ఉంటుంది, సోల్డర్ ఆ సందులోకి దానంతటదే పీల్చుకుపోతుంది. సందు పెద్దదైతే పీల్చుకోదు.

రుద్దాక వేళ్లతో ముట్టుకోకండి, చేతి జిడ్డు చాలు సోల్డర్ పట్టకపోవడానికి. వెంటనే రెండింటికీ ఫ్లక్స్ పలచగా పూసి, తొడిగి, కొంచెం తిప్పండి. గరిటెడు పూస్తే మిగిలింది పైపులోపల చేరి, ఏళ్ల తరబడి రాగిని తింటుంది.

వాల్వ్ కట్టినా చుక్కలు ఆగడం లేదు. ఏం చేయాలి?

ముందు ఇది ఎందుకు అడ్డమో చూడండి. సీసం లేని 95/5 సోల్డర్ (95 శాతం తగరం, 5 శాతం యాంటిమొనీ) 452 ఫారెన్‌హీట్ డిగ్రీల దగ్గర మెత్తబడి 464కి పూర్తిగా కరుగుతుంది. నీళ్లు 212 దగ్గరే ఆవిరవుతాయి. అతుకులో నీళ్లున్నంతసేపూ ఎంత మంట పెట్టినా రాగి అక్కడికి చేరదు. కాస్త తడే ఉంటే ఇంకా మోసం. సోల్డర్ కరుగుతుంది, అతుకు పట్టినట్టే కనబడుతుంది, లోపల ఆవిరి మాత్రం సోల్డర్‌లో సన్నటి దారులు చేసుకుని బయటికి వస్తుంది. మర్నాడు అక్కడే చెమ్మ.

కింది కుళాయి తెరిచే ఉంచండి. అడ్డంగా ఉన్న పైపును కొంచెం వంచి నీళ్లు దించండి, తడి పీల్చే వ్యాక్యూమ్ ఉంటే కొసకు పెట్టి లాగండి. అయినా కారుతుంటే పాత చిట్కా ఒకటుంది. అంచులు తీసేసిన తెల్ల బ్రెడ్‌ను ఉండ చేసి పైపులోకి కొన్ని అంగుళాలు తోయండి. అది చుక్కలను ఆపుతుంది, తర్వాత నీళ్లకు కరిగి బయటికి పోతుంది. గోధుమ బ్రెడ్, గింజల బ్రెడ్ వద్దు. నీళ్లు వదిలేముందు కుళాయి కొసనున్న జాలీ విప్పండి, ముందు స్నానాల గది టబ్ కుళాయి తెరవండి. అప్పటికీ ఆగకపోతే సోల్డరింగ్ మానేసి పుష్-ఫిట్‌తో ఒక వాల్వ్ పెట్టుకోవడం మేలు.

వేడి ఎక్కడ పెట్టాలి, సోల్డర్ ఎంత పట్టాలి?

ముందు సోల్డర్ తీగను అర అంగుళం పైపుకు అర అంగుళానికి కాస్త ఎక్కువ దగ్గర, ముప్పావు పైపుకు ముప్పావుకు కాస్త ఎక్కువ దగ్గర వంచుకోండి. ఒక అతుకుకు అంతే చాలు. ఆ వంపు చేరితే ఆపేయాలని గుర్తు.

మంటలో లోపలి నీలం మొన కొస రాగికి తగిలేలా పట్టి, ముందు అతుకు పక్కన పైపును కొన్ని సెకన్లు, తర్వాత ఫిట్టింగు చుట్టూ తిప్పుతూ వేడి చేయండి. మంటను ఒకే చోట నిలపకండి. ఫ్లక్స్ బుడగలు వచ్చి సద్దుమణిగాక, మంటకు ఎదురు వైపున సోల్డర్‌ను సందుకు తాకించండి. కరగకపోతే తీసేసి ఇంకాస్త వేడి చేయండి. కరిగిందంటే మంట పక్కకు తీయండి. సోల్డర్‌ను కరిగించాల్సింది రాగి వేడి, మంట కాదు. మంటతో కరిగిస్తే చల్లటి రాగి మీద ఉత్త పూతలా కూర్చుంటుంది.

అడ్డంగా ఉన్న పైపుకు కింద మొదలుపెట్టి పక్కగా పైకి రండి. చుట్టూ వెండి గీతలా ఉంగరం కనబడితే అయిపోయింది. సోల్డర్ గట్టిపడేదాకా కదపకండి, తడిగుడ్డ పెట్టి చల్లార్చకండి. చేయి పెట్టగలిగేంత చల్లారాక మిగిలిన ఫ్లక్స్ తడిగుడ్డతో తుడవండి. అది వదిలేస్తే ఆకుపచ్చగా మారి పైపును తింటుంది. కప్లింగ్ రెండు వైపులూ ఒకేసారి, ఒక వేడి మీదే పూర్తి చేయండి.

సోల్డర్ ఉండలు కట్టి కింద పడుతోంది. ఎందుకు?

రాగి ఇంకా చల్లగా ఉంది, లేదా మురికిగా ఉంది, లేదా ఫ్లక్స్ మాడిపోయింది. ఫిట్టింగు మీద నల్లటి పొర కనబడితే మూడోదే. ఇక ఎంత సోల్డర్ పోసినా పట్టదు. చల్లార్చి, విప్పి, మళ్లీ మొదటి నుంచి శుభ్రం చేయాలి.

అతికాక సన్నగా కారుతోంది. పైన ఇంకాస్త సోల్డర్ పెట్టొచ్చా?

వద్దు. పైపులో ఇప్పుడు నీళ్లున్నాయి, పైన పెట్టింది పైనే ఉంటుంది. నీళ్లు పూర్తిగా దించి, వేడి చేసి, ఫిట్టింగు లాగేయండి. పైపు మీది పాత సోల్డర్ వేడిగా ఉండగానే గుడ్డతో తుడిచి, కొత్త ఫిట్టింగుతో మళ్లీ చేయండి. పాత ఫిట్టింగులో సోల్డర్ మిగిలి ఉంటే పైపు లోపలికి దూరదు.

బాల్ వాల్వ్ సోల్డర్ చేసేటప్పుడు?

వాల్వ్ పూర్తిగా తెరిచి ఉంచండి. మధ్య భాగానికి తడిగుడ్డ చుట్టి, మంటను పైపు కొసల వైపే పెట్టండి. లోపలి సీలు కరిగితే వాల్వ్ ఇక కట్టుకోదు.

పుష్-ఫిట్‌ను గోడలో పెట్టి మూసేయొచ్చా? ఊడిపోదా?

ఏఎస్ఎస్ఈ 1061 ప్రమాణానికి పరీక్షించినవి గోడలో పెట్టడానికి చాలాచోట్ల ప్లంబింగ్ కోడ్ (స్థానిక నిబంధనలు) ఒప్పుకుంటుంది. లోపల రబ్బరు ఓ-రింగు నీళ్లను ఆపుతుంది, ఉక్కు పళ్ల రింగు పైపును పట్టుకుంటుంది. ఊడినవి, కారినవి చూస్తే కారణాలు ఇవే: పైపు చివరిదాకా దిగలేదు, కోసిన అంచు పదును ఓ-రింగును కోసింది, పైపు గుండ్రంగా లేదు, లేదా పైపు మీద లోతైన గీతలున్నాయి.

కవరు మీద రాసిన లోతును కొలిచి పైపు మీద గీత పెట్టండి. అర అంగుళం పైపుకు అది ఇంచుమించు 1 అంగుళం ఉంటుంది. కొంచెం తిప్పుతూ గీత మూసుకునేదాకా తోయండి. మొదట ఒక పట్టు తగులుతుంది, అక్కడే ఆగిపోతారు చాలామంది. అది ఓ-రింగు మాత్రమే, అది దాటి ఇంకా లోపలికి వెళ్లాలి. తర్వాత వెనక్కి గట్టిగా లాగి చూడండి.

పుష్-ఫిట్‌కు దగ్గర్లో సోల్డరింగ్ చేయాల్సి ఉంటే ముందు సోల్డరింగ్ ముగించి, పైపు చల్లారాకే దీన్ని తొడగండి.

కంప్రెషన్ ఫిట్టింగు ఎంత బిగించాలి?

అర అంగుళం నీటి పైపుకు 5/8 బయటి వ్యాసం అని రాసినది కొనండి. నట్టు, తర్వాత ఇత్తడి రింగు తొడిగి, పైపు లోపల ఆనేదాకా పెట్టండి. చేత్తో బిగించాక రెండు రెంచీలతో ముప్పావు నుంచి ఒక చుట్టు. నీళ్లు వదిలాక చెమ్మ కనబడితే ఇంకో ఎనిమిదో వంతు చుట్టు. అతిగా బిగిస్తే రింగు పైపును నొక్కేసి, ఇక ఎప్పటికీ కారుతుంది. మర మీద టెఫ్లాన్ టేపు చుట్టడం వల్ల ఉపయోగం లేదు, ఇక్కడ నీళ్లు ఆపేది రింగే.

రాగి పైపును పాత ఇనుప పైపుకు నేరుగా కలపొచ్చా?

వద్దు. రెండు లోహాలు నీళ్లలో తగిలితే జీఐ వైపు త్వరగా తుప్పు పడుతుంది. మధ్యలో డైఎలెక్ట్రిక్ యూనియన్ (రెండు లోహాలు తగలకుండా కలిపే జాయింటు) గానీ, కనీసం 6 అంగుళాల ఇత్తడి నిపుల్ (రెండు కొసలా మర ఉన్న పైపు ముక్క) గానీ పెట్టండి.

ఇల్లు కాలిపోతుందేమోనని భయం. ఏం జాగ్రత్త?

భయం న్యాయమైనదే. గోడలోపల ఇన్సులేషన్‌కు అంటించిన కాగితం, ఎండిన స్టడ్లు, బూజు, దుమ్ము అన్నీ అంటుకునేవే. ఇన్సులేషన్ పక్కకు లాగండి. చెక్కను స్ప్రేతో తడపండి. అతుకు వెనక మంటను ఆపే గుడ్డ పెట్టండి. వీలైతే ముక్కను బయట బెంచీ మీద సోల్డర్ చేసి, గోడలో చేయాల్సిన అతుకులు తగ్గించుకోండి. నైలాన్ బట్టలు వద్దు, నూలు బట్టలు వేసుకోండి. మంటలార్పే సిలిండర్ చేతికందే చోట ఉండాలి, కిందింట్లో కాదు.

పని అయ్యాక కనీసం అరగంట, వీలైతే గంట అక్కడే ఉండండి. గోడలోపల నిప్పు రవ్వ నెమ్మదిగా రాజుకుని చాలాసేపటికి అంటుకోవచ్చు. అందుకే నిద్రకు ముందు, బయటికి వెళ్లే ముందు టార్చ్ పని పెట్టుకోకండి.

పాత ఇంట్లో సోల్డర్‌లో సీసం ఉంటుందా?

1986లో సేఫ్ డ్రింకింగ్ వాటర్ చట్టానికి చేసిన సవరణతో తాగునీటి పైపులకు సీసం సోల్డర్ నిషేధించారు. సోల్డర్‌లోనూ ఫ్లక్స్‌లోనూ సీసం 0.2 శాతం మించకూడదు. అంతకుముందు కట్టిన ఇంట్లో ఉండే అవకాశం ఎక్కువ. 2014 జనవరి నుంచి ఫిట్టింగులు, కుళాయిల్లో నీళ్లు తగిలే భాగాల్లో సగటున 0.25 శాతమే హద్దు. పాత డబ్బాలో మిగిలిన 50/50 సోల్డర్ (సగం సీసం, సగం తగరం) నీటి పైపుకు వాడకండి. అలాంటి పాత అతుకును కరిగించి మళ్లీ వాడేకన్నా కోసి పారేయడం మంచిది. చంటిపిల్లలున్న ఇంట్లో వంటకు, పాలకు ఎప్పుడూ చల్లనీళ్ల కుళాయి నీళ్లే పట్టండి.

నీళ్లు వదిలి పరీక్షించేది ఎలా?

దూరపు కుళాయిలు తెరిచి ఉంచి మెయిన్ వాల్వ్ నెమ్మదిగా తెరవండి. గాలి బుస్సుమంటూ పోయి ధార నిలకడగా వచ్చాక ఒక్కొక్కటే కట్టండి. అయిదు నిమిషాలు నీళ్లు పోనివ్వండి, మిగిలిన ఫ్లక్స్ కొట్టుకుపోతుంది. వేడినీళ్ల కుళాయిలో ధార నిలకడగా వస్తే ట్యాంకు నిండినట్టు, అప్పుడే హీటర్ బ్రేకర్ వేయండి.

అతుకు చుట్టూ పొడి టిష్యూ కాగితం తిప్పి చూడండి, కంటికి కనబడని చెమ్మ దానికి అంటుతుంది. డ్రైవాల్ వెంటనే మూయకండి. వేడినీళ్ల లైనైతే రెండు రోజులు వేడెక్కి చల్లారనివ్వాలి.

ఒకటి అతికాం, మూణ్ణెల్లకు ఇంకోచోట బెజ్జం పడింది. ఇక పైపులన్నీ మార్చాలా?

కోసిన ముక్కను నిలువుగా చీల్చి లోపల చూడండి. వంపు దాటగానే గుర్రపు నాడా ఆకారంలో గుంటలుంటే నీళ్లు మరీ వేగంగా పోతున్నాయని అర్థం. రాగిలో చల్లనీళ్లు సెకనుకు 8 అడుగులు, వేడినీళ్లు 5 అడుగులు దాటకూడదు. వేడినీళ్లు తిరిగే పంపు ఉన్న ఇళ్లలో ఇది ఎక్కువ. పంపు పెద్దదై ఉంటుంది, లేదా రాత్రింబవళ్లు తిరుగుతుంటుంది. బయటి కుళాయికి ప్రెషర్ గేజ్ తగిలించి కూడా చూడండి. 80 పీఎస్ఐ దాటితే ప్రెషర్ తగ్గించే వాల్వ్ ఉండాలని కోడ్ చెబుతుంది. ఇలాంటి కారణం దొరికితే ముందు దాన్ని సరిచేయండి.

పైపు అడుగుభాగం పొడుగునా చిన్న చిన్న గుంటలు చెల్లాచెదురుగా ఉంటే నీటి గుణమే పైపును తింటోంది. అప్పుడు అతుకుల మీద డబ్బు పెట్టడం దండగ. ఆ లైను మొత్తం పెక్స్ (వంగే ప్లాస్టిక్) పైపుతో మార్చడానికి ఇద్దరు ముగ్గురు ప్లంబర్లను అడిగి ధర తెలుసుకోండి.

దీనికి పర్మిట్ కావాలా?

ఉన్న పైపులో లీకు అతకడానికి చాలా ఊళ్లలో అక్కర్లేదు. లైను దారి మార్చినా, ఇల్లంతా కొత్త పైపులు వేసినా కావాలి. మాసచూసెట్స్‌లో మాత్రం సొంతింట్లోనైనా ప్లంబింగ్ పని లైసెన్సు ఉన్నవారే చేయాలి. కాండోలో గోడలోపలి పైపు మీది కాకపోవచ్చు, కోయకముందు అసోసియేషన్‌ను అడగండి. అద్దె ఇంట్లో వాల్వ్ కట్టడం వరకే మీ పని, ఆ తర్వాత ఇంటి యజమానికి ఫోన్ చేయండి.